ముందు రిపేరు, ఆ తర్వాతే మాడ్

ఇంట్లో సోల్డరింగ్ ఐరన్ ఉందని నలుగురికి తెలిస్తే చాలు, గిటార్ వాయించే కుర్రాళ్లు పెడళ్లు పట్టుకుని వస్తూనే ఉంటారు. విచిత్రమేమిటంటే, పాడైన పెడల్ తెచ్చేవాళ్లు తక్కువ. శుభ్రంగా పనిచేస్తున్నదాన్ని తెచ్చి "అన్నా, దీన్ని మాడ్ చేసిపెట్టవా" అని అడిగేవాళ్లే ఎక్కువ. మాడ్ అంటే లోపలి పార్టులు మార్చి సౌండ్ మార్చడం. ఏం మార్చాలయ్యా అంటే, ఫలానా చిప్ పీకేసి ఫలానా చిప్ వేస్తే సౌండ్ ఓపెన్ అవుతుందని వీడియోలో చెప్పారంటాడు. ఓపెన్ అవడమంటే ఏమిటని అడిగితే మాత్రం చేతులతో గాల్లో ఏదో బొమ్మ గీస్తాడు. మాటల మధ్యలో ఇంకో పెడల్ సంగతి బయటికొస్తుంది. అది ఎప్పుడో పోయింది, షాపాయన బోర్డు కాలిపోయిందన్నాడు, ఇంట్లో ఎక్కడో పడి ఉంది.

నా పేచీ ఈ వరసతోనే. పోయినదాన్ని లేపడం వచ్చినవాడు మాడ్ చేస్తే దానికో అర్థం ఉంటుంది. అది రాకుండా మాడ్ మొదలుపెడితే, ఏం చేశాడో చేసినవాడికే తెలియదు. ఇంకాస్త గట్టిగా చెప్తాను: డబ్బులు పోసి చేయించుకుంటున్న మాడ్లలో చాలావాటికి చెవికి వినిపించే తేడానే లేదు, ఉన్నా అది చాలాసార్లు బాగుపడటం కాదు. రిపేరు మాత్రం రూపాయి వస్తువుతో వేల రూపాయల పెట్టెను లేపి కూర్చోబెడుతుంది.

పెడల్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎలక్ట్రిక్ గిటార్‌కీ ఆంప్లిఫయర్‌కీ మధ్యలో, కాలి దగ్గర పెట్టుకునే చిన్న లోహపు పెట్టె అది. కాలితో నొక్కితే గిటార్ గొంతు మారుతుంది. కొన్ని గరగరలాడిస్తాయి, కొన్ని మారుమోగిస్తాయి, కొన్ని అలలు అలలుగా ఊపుతాయి. మన దగ్గర వీటిని వాడేది ఆర్కెస్ట్రావాళ్లు, చర్చిల్లో వాయించేవాళ్లు, కాలేజీ బ్యాండ్లవాళ్లు. లోపల నడిచేది 9 వోల్టుల మీద. వేలు పెట్టినా షాక్ కొట్టదు. ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకు కనపడలేదు.

బాస్ కంపెనీ నారింజ రంగు డీఎస్-1నే తీసుకుందాం. 1978లో జపాన్‌లో పుట్టింది, ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. పాత పెడళ్ల లోకంలో అంబాసిడర్ కారు లాంటిది; ఎవరి దగ్గర చూసినా ఒకటి ఉంటుంది. ఇది మన దగ్గర ఎలా చస్తుందో చెప్తాను. ప్రోగ్రాం రోజు సాయంత్రం అసలు అడాప్టర్ కనపడదు. స్టేజి మీద టెన్షన్. ఎవడో ఇంటర్నెట్ రౌటర్ అడాప్టర్ తెచ్చి ఇస్తాడు. పిన్ను సరిగ్గా పడుతుంది. కానీ పెడళ్లకు పిన్ను మధ్యలో మైనస్, బయట ప్లస్ ఉండాలి. రౌటర్లకు, సెట్‌టాప్ బాక్సులకు వచ్చేవి దాదాపు అన్నీ దీనికి తలకిందులు, పైగా చాలావరకు 12 వోల్టులు. గుచ్చగానే ఎర్ర లైటు వెలగదు. తీసేసి అసలు అడాప్టర్ పెట్టినా వెలగదు. అంతే, పెడల్ పోయిందని తీర్మానం.

పెడల్ పోలేదు. అందులో కాపలా ఉన్న డయోడ్ ఒకటి తన పని తాను చేసి పోయింది. డయోడ్ అంటే కరెంటును ఒక వైపుకే పోనిచ్చే చిన్న పార్టు. చాలా పెడళ్లలో కరెంటు వచ్చే చోట, ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఒక డయోడ్‌ను తిరగేసి పెడతారు. మామూలుగా అది ఉన్నట్టే ఉండదు. కరెంటు తలకిందులుగా వచ్చిందా, మొత్తం తన మీదుగా లాగేసుకుంటుంది, వెనకున్న చిప్పు దాకా పోనివ్వదు. పాత రకం అడాప్టర్ అయితే అప్పటికి చేతులెత్తేస్తుంది, డయోడ్ బతుకుతుంది. రౌటర్ అడాప్టర్ ఒక ఆంపియరో రెండు ఆంపియర్లో ఇవ్వగలదు కాబట్టి డయోడ్ కాలి లోపల షార్ట్ అయిపోతుంది. ఇక ఏ అడాప్టర్ పెట్టినా ఆ షార్ట్‌లోనే పోతుంది.

ఇలాంటిది చేతికి వచ్చినప్పుడు కింద నాలుగు స్క్రూలు విప్పితే రేకు మూత ఊడుతుంది. దాని వెనక ఒక ప్లాస్టిక్ షీటు ఉంటుంది. దాన్ని పారేయకూడదు, బోర్డు మూతకు తగలకుండా ఉంచేది అదే. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, ఒక మొన గ్రౌండ్ మీద, రెండో మొన ప్లస్ వైరు మీద ఉంచితే గుయ్యిమని మోగుతుంది. మోగకూడదు. ఇప్పుడు డయోడ్ ఒక కాలు కింద ఐరన్ ఆనించి, టంకం కరగగానే ట్వీజర్‌తో ఆ కాలు లేపాలి. బీప్ ఆగిపోతుంది. దొంగ దొరికాడన్నమాట. డయోడ్ లేకుండానే, ప్లస్ మైనస్ సరిచూసుకుని బ్యాటరీ పెట్టి నొక్కితే లైటు వెలుగుతుంది, గిటార్ పలుకుతుంది. దాని బదులు 1ఎన్4007 వేస్తే సరి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అది రూపాయికో రెండు రూపాయలకో వస్తుంది. ఒక్కటే ఇమ్మంటే షాపాయన అదోలా చూస్తాడు గనక పది తీసుకోవడం మర్యాద. వెండి గీత ఏ వైపు ఉందో తీసేముందే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, లేకపోతే కొత్త డయోడ్‌తో అదే కథ మళ్లీ మొదలవుతుంది.

బోర్డు కాలిపోయిందని చెప్పిన షాపుల మీద నాకు కోపం లేదు. వాళ్లకు టైం లేదు. కొత్తది అమ్మితే మిగిలేది రిపేరు చేస్తే మిగలదు. అందుకే ఈ పని ఇంట్లో జరగాలంటున్నాను.

మిగతా జబ్బులు కూడా ఇంతే సాదావి. జాక్ దగ్గర వైరు కదిలిస్తే గరగరమంటే అక్కడి టంకం పగిలింది. మళ్లీ వేడిచేసి కాస్త కొత్త టంకం పెడితే పోతుంది. నాబ్ తిప్పుతుంటే చిటపటలాడితే లోపల దుమ్ము చేరింది. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క కొట్టి అటూ ఇటూ తిప్పితే చాలు. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే మాత్రం కొట్టకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో జాకుల మీద పచ్చని తుప్పు పడుతుంది, దాన్ని గీకాల్సిందే. నొక్కితే ఒకసారి పని చేసి రెండుసార్లు చేయకపోతే స్విచ్ పోయినట్టు. బాస్ పెడళ్లలో కాలి కింద ఉన్న స్విచ్ గుండా గిటార్ సిగ్నల్ అసలు పోదు. అది కాలింగ్ బెల్ మీట లాంటి చిన్న ముక్క, "మార్చు" అని లోపలి ట్రాన్సిస్టర్లకు చెబుతుందంతే. కొత్త స్విచ్ ఖరీదు ఒక టీ, సమోసా. బ్యాటరీ ఊరికే అయిపోతోందని ఒకాయన పెడల్ తెచ్చాడు. అందులో లోపమే లేదు. గిటార్ వైరు గుచ్చగానే బ్యాటరీ మైనస్ కలిసేలా ఇన్‌పుట్ జాక్‌ను అమరుస్తారు, అంటే వైరు గుచ్చి ఉన్నంతసేపూ పెడల్ ఆన్‌లోనే ఉంటుంది. ఇంటికెళ్లేటప్పుడు వైరు పీకండి అని చెప్పి పంపాను. ఫీజు అడగలేదు.

ఇంకాస్త లోతుగా పోవాలంటే కావలసినవి రెండే. ఒకటి, చిప్పు కాళ్ల మీద వోల్టేజీ చూడటం. ఎనిమిది కాళ్ల డబుల్ ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్పు) అయితే 8వ కాలు మీద 9 వోల్టులు, 4వ కాలు మీద సున్నా, 1, 7 మీద దాదాపు 4.5 ఉండాలి. సగం వోల్టేజీ కనపడాల్సిన చోట 8 కనపడితే గొడవ అక్కడే. రెండోది, ఒక పాత గిటార్ వైరు కొసకు 0.1 మైక్రోఫారాడ్ కండెన్సర్ అతికించి ఆంప్‌కు కలపడం. పెడల్‌కు ఫోన్ నుంచి ఏదో పాట పంపి, ఆ కండెన్సర్ కాలుతో బోర్డు మీద ఒక్కో చోటే తాకుతూ పోతే పాట ఎక్కడి దాకా వస్తోందో, ఎక్కడ ఆగిందో చెవికే తెలుస్తుంది. ఆ రెండు చోట్ల మధ్యలో ఉన్న పార్టులే ముద్దాయిలు.

ఇక్కడ నాకు రిపేరులో నచ్చేది ఒకటుంది. దానికి తీర్పు ఉంటుంది. పెడల్ మోగిందా లేదా, అంతే. నా అభిప్రాయం, నా మూడ్, నేను ఖర్చుపెట్టిన డబ్బు ఏవీ ఆ తీర్పును మార్చలేవు. మాడ్‌కు ఆ తీర్పు లేదు. మార్చినవాడు "తేడా ఉంది" అంటాడు. అప్పటికే అరగంట ఐరన్ పట్టుకుని కూర్చున్నాడు, పార్టులకు కొరియర్ ఖర్చులు పెట్టుకున్నాడు. తేడా లేదనడానికి నోరెలా వస్తుంది?

చెవి కూడా మనకు సాయం చేయదు. ఒకే శబ్దాన్ని కొంచెం పెద్దగా వినిపిస్తే నిండుగా, బాగున్నట్టు అనిపిస్తుంది. శబ్దం చిన్నదిగా ఉన్నప్పుడు మన చెవికి బేస్ బాగా తక్కువగా వినపడుతుందని, పెంచేకొద్దీ ఆ లోటు తగ్గుతుందని 1933లోనే అమెరికా బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపించారు. ఇప్పుడు డీఎస్-1లో బాగా పేరున్న మాడ్ చూడండి. గరగరను పుట్టించే రెండు సిలికాన్ డయోడ్లు తీసేసి, వాటి చోట ఎర్ర ఎల్ఈడీలు పెట్టడం. సిలికాన్ డయోడ్ సుమారు 0.6, 0.7 వోల్టుల దగ్గర సిగ్నల్ తల నరుకుతుంది. ఎర్ర ఎల్ఈడీ 1.7 దాకా ఆగుతుంది. అంటే బయటికొచ్చే శబ్దం ఒక్కసారిగా 8 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది. మాడ్ చేసినవాడు ఆన్ చేయగానే "అబ్బ!" అంటాడు. ఆ అబ్బలో ముప్పావు వంతు వాల్యూమ్‌దే. లెవెల్ నాబ్ తగ్గించి పాతదానితో సమానం చేసి వింటే మిగిలేది, గరగర కొంచెం తగ్గి, వేలి ఒత్తిడి కొంచెం ఎక్కువ తెలియడం. అది నిజమైన తేడానే. కొందరికి నచ్చుతుంది, నాకూ నచ్చుతుంది. కానీ వీడియోలో అమ్మింది అది కాదు.

దీనికంటే ఘోరమైనది ట్యూబ్ స్క్రీమర్ కథ. ఐబనీజ్ ఆకుపచ్చ పెడల్. 1970ల చివర్లో టీఎస్808గా వచ్చింది, 1982లో టీఎస్9 అయింది. జపాన్‌లో దీని సర్క్యూట్ రాసినాయన సుసుము తమురా. 808 దొరకడం కష్టం, పాతదానికి ధర విపరీతం. అందుకని టీఎస్9ని 808గా మార్చే మాడ్ ఒక వ్యాపారమైంది. మార్చేది ప్రధానంగా చివర్లో ఉన్న రెండు రెసిస్టర్లు. టీఎస్9లో 470 ఓములు, 100 కిలో ఓములు. 808లో 100 ఓములు, 10 కిలో ఓములు. కాగితం మీద లెక్క వేయండి. 808లో సిగ్నల్‌లో 10,100 వంతుల్లో 10,000 బయటికొస్తుంది. టీఎస్9లో 1,00,470లో 1,00,000. రెంటి మధ్య తేడా డెసిబెల్‌లో ఇరవయ్యో వంతు. మామూలు చెవి ఒక డెసిబెల్ తేడాను పట్టుకోవడమే గొప్ప. కొండను తవ్వి ఎలుకను పట్టారనుకుందామంటే ఇక్కడ ఎలుక కూడా లేదు. రెసిస్టర్ల ఖరీదు మాత్రం రెండూ కలిపి రూపాయి దాటదు, ఆ సంగతి ఒప్పుకోవాలి.

దాంతోపాటు చిప్పు భక్తి. పాత 808లో జేఆర్‌సీ 4558డి ఉండేది కాబట్టి అదే కావాలంటారు, పాత స్టాకుదైతే మరీ ప్రీతి. ఈ 4558 ఏదో దేవతా వస్తువు అనుకునేరు. మన ఊళ్లలో అసెంబుల్ చేసే ఆంప్లిఫయర్లలో బేస్, ట్రెబుల్ బోర్డు మీద కూర్చునేది ఇదే నంబరు. ట్యూబ్ స్క్రీమర్‌లో ఈ చిప్పుకు పడే పని చాలా తేలిక. అత్యధికంగా 118 రెట్లు పెంచాలి, పైగా పక్కనే 51 పికోఫారాడ్ కండెన్సర్ ఒకటి పై స్వరాలను ముందే కోసేస్తుంది. చిప్పు ఎవరిదైనా ఆ పని అలాగే చేస్తుంది. అలాగని చిప్పు ఎక్కడా ముఖ్యం కాదనను. అమెరికాలో కలమజూ నుంచి వచ్చిన పాత ర్యాట్ పెడళ్లలో ఎల్ఎం308 అనే నత్తనడక చిప్పు ఉండేది. మైక్రోసెకనుకు 0.3 వోల్టులకు మించి కదలలేదు. సిగ్నల్‌ను పెంచడం (గెయిన్) బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ఆ బద్ధకమే శబ్దంలో వినపడుతుంది. అక్కడ వేగమైన చిప్పు వేస్తే రంగు మారవచ్చు. ఎక్కడ మారుతుందో ఎక్కడ మారదో తెలియాలంటే సర్క్యూట్ చదవడం రావాలి. రిపేరు చేసేవాడికి అది ఎలాగూ వస్తుంది.

మరి నిజంగా పనిచేసే మాడ్లు లేవా? ఉన్నాయి, వాటిని ముందే లెక్క వేయవచ్చు. అదే ట్యూబ్ స్క్రీమర్‌లో 4.7 కిలో ఓముల రెసిస్టర్, 0.047 మైక్రోఫారాడ్ కండెన్సర్ పక్కపక్కనే ఉంటాయి. ఈ రెండూ కలిసి 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. దాని కిందున్న స్వరాలకు గెయిన్ క్రమంగా తగ్గిపోతుంది. గిటార్ లావు తీగ మోగేది 82 హెర్ట్జ్ దగ్గర కాబట్టి దానికి గరగర పెద్దగా అంటదు. ఆ కండెన్సర్ తీసి 0.1 వేస్తే గీత 339కి దిగుతుంది. 0.22 వేస్తే 154కి. చెవులు మూసుకున్నవాడికి కూడా తెలిసే తేడా ఇది, అయిదు రూపాయల్లో అయిపోయే పని.

అయితే ఈ మాడ్ చేయించుకున్న చాలామంది కొన్నాళ్లకు "ఎందుకో బ్యాండ్‌లో నా గిటార్ వినపడట్లేదన్నా" అంటూ వస్తారు. గదిలో ఒక్కడే కూర్చుని వాయించినప్పుడు ఆ లావు గొంతు అద్భుతంగా ఉంటుంది. స్టేజి మీద ఆ చోట ఇప్పటికే బేస్ గిటార్ ఉంది, కిక్ డ్రమ్ ఉంది, మన దగ్గరైతే వీటన్నిటి మీద కీబోర్డు ఆయన ఎడమ చెయ్యి ఉంది. చర్చి బ్యాండ్లలో ఆ ఎడమ చెయ్యి ఒక్క క్షణం ఖాళీగా ఉండదు. కింది స్వరాలన్నీ గరగరలాడితే మొత్తం బురద. తమురా ఆ బేస్‌ను తెలియక కోయలేదు. ఆంప్ ముందు పెట్టినప్పుడు, నలుగురి మధ్య వాయించినప్పుడు గిటార్ బయటికి రావాలని అలా పెట్టాడని నా నమ్మకం. పాత సర్క్యూట్లలో లోపం అనిపించిన చాలాచోట్ల ఇలాంటి కారణం ఒకటి కూర్చుని ఉంటుంది.

ట్రూ బైపాస్ పిచ్చి కూడా ఈ కోవలోదే. పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు సిగ్నల్ ఏ పార్టునూ తాకకుండా నేరుగా పోవాలని, బాస్ పెడళ్లు లోపల బఫర్ (సిగ్నల్‌ను మార్చకుండా బలంగా ముందుకు పంపే చిన్న సర్క్యూట్) పెట్టి "టోన్ తినేస్తాయి" అని ఒక ప్రచారం. తొమ్మిది కాళ్ల స్విచ్ కొని, పెట్టెకు చిల్లు పొడిచి, బోర్డు ట్రాకులు కోసి మరీ మారుస్తారు. టోన్‌ను తినేది ఎక్కువగా వైరు. గిటార్ వైరుకు మీటరుకు సుమారు 100 పికోఫారాడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, అంటే వైరే ఒక చిన్న కండెన్సర్ లాంటిది. గిటార్ నుంచి పెడళ్లకు అయిదు మీటర్లు, అక్కడి నుంచి ఆంప్‌కు ఇంకో అయిదు, మధ్యలో చిన్న వైర్లు అన్నీ కలిపితే వెయ్యి దాటుతుంది. పాత పద్ధతి పికప్‌కు (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే గిటార్ భాగానికి) అంత బరువు తగిలిస్తే పై స్వరాల మెరుపు పోతుంది. మొదట్లో ఒక బఫర్ ఉంటే పికప్ మోయాల్సింది ఆ ముందరి అయిదు మీటర్లే. అంటే డబ్బులు పెట్టి బఫర్ పీకించుకున్నవాడు, పోగొట్టుకుంటున్నానని భయపడిన దాన్నే నిజంగా పోగొట్టుకున్నాడు. దీనికి ఒక మినహాయింపు ఉంది, ఫజ్ ఫేస్. ఫజ్ అంటే బాగా చిరిగినట్టుండే గరగర. 1966లో ఇంగ్లండ్‌లో ఆర్బిటర్ కంపెనీ చేసిన గుండ్రటి పెడల్. రెండు ట్రాన్సిస్టర్లు, గుప్పెడు పార్టులు, అంతే. అది నేరుగా గిటార్ పికప్‌తో మాట్లాడాలి. ముందు బఫర్ ఉంటే గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు గొంతు శుభ్రపడే గుణం పోతుంది, కీచుమంటుంది.

ఫజ్ ఫేస్ గురించి ఎత్తాక మన ఎండల గురించి చెప్పకుండా ఉండలేను. తొలి ఫజ్ ఫేసుల్లో ఉన్నవి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. వేడి పెరిగేకొద్దీ వాటిలో లీకేజీ కరెంటు పెరుగుతుంది, దాదాపు ప్రతి పది డిగ్రీలకూ రెట్టింపు. ఇంగ్లండ్ చలిలో సరిచేసి పెట్టిన సర్క్యూట్‌ను మే నెలలో విజయవాడలో షామియానా కింద పెడితే గొంతు పట్టేస్తుంది. ఇందులో మనకో చిన్న గర్వం కూడా ఉంది. బెంగళూరులో మన ప్రభుత్వ సంస్థ బీఈఎల్ ఒకప్పుడు ఏసీ128 జెర్మేనియం ట్రాన్సిస్టర్లు తయారుచేసేది. తాతల నాటి ట్రాన్సిస్టర్ రేడియోల్లో ఉండేవి. ఫజ్ కట్టుకునే విదేశీయులు ఇప్పుడు వాటిని వెతుక్కుంటున్నారు. పాత రేడియో మెకానిక్ డబ్బాలో దొరికితే వదలకండి, కానీ లీకేజీ కొలవకుండా వేయకండి. డబ్బాలో ఉన్నవాటిలో చాలావరకు రేడియోకు పనికొచ్చేవే గానీ ఫజ్‌కు పనికిరావు. వేసవిలో ప్రోగ్రాములు చేసేవాడికి నేనైతే సిలికాన్ ఫజ్ వేసుకోమనే చెప్తాను.

ఇదంతా విని ఒక మిత్రుడు గట్టి ప్రశ్నే వేశాడు. "ఇలా లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే అసలు ఈ గరగర, అదే డిస్టార్షన్, పుట్టేదేనా? అదే ఒక లోపం నుంచి పుట్టింది కదా." నిజమే. 1960ల మొదట్లో అమెరికాలో నాష్‌విల్‌లో ఒక రికార్డింగ్ జరుగుతుంటే మిక్సింగ్ కన్సోల్‌లో ఒక చానెల్ పాడైంది, బేస్ గిటార్ గొంతు చిరిగిపోయినట్టు వచ్చింది. దాన్ని అలాగే ఉంచేశారు, పాట హిట్టయింది. అదే శబ్దం మాకూ కావాలని మిగతావాళ్లు అడగడం మొదలుపెట్టారు. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఏం చేశాడు? పాడైన చోటు వెతికి, ఏం జరుగుతోందో అర్థం చేసుకుని, ఇంకో ఇంజనీరుతో కలిసి అదే పని ట్రాన్సిస్టర్లతో చేసే సర్క్యూట్ కట్టాడు. 1962లో గిబ్సన్ కంపెనీ దాన్ని మాస్ట్రో ఫజ్-టోన్‌గా అమ్మింది. మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, రెండు మామూలు టార్చిలైటు సెల్లులు. నా మిత్రుడికి ఈ కథ మాడ్ పక్షాన కనపడింది. నాకు మాత్రం ఇది ఒక రిపేరు మెకానిక్ కథ. లోపాన్ని వెతికి పట్టుకోవడం వచ్చు గనకే దాన్ని మళ్లీ పుట్టించగలిగాడు.

నా వాదనకు అసలు అడ్డం వేరే వైపు నుంచి వస్తోంది. రిపేరు చేయనివ్వకుండా చేసిన పెడళ్లు. క్లాన్ సెంటార్ అని బాస్టన్ దగ్గర బిల్ ఫినెగన్ అనే ఆయన 1994 నుంచి తయారుచేసిన పెడల్ ఉంది. మొత్తం సుమారు 8 వేలు చేసి ఉంటాడు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో లక్షల్లో పలుకుతోంది. ఎవరూ కాపీ కొట్టకుండా బోర్డు మీద నల్లటి ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) ముద్ద పోశాడు. ఆ ముద్దను గీకి సర్క్యూట్ బయటపెట్టారు, ఇవాళ చైనా నుంచి దాని నకళ్లు రెండు మూడు వేలకు వస్తున్నాయి. కాపీలను ఆ ముద్ద ఆపలేదు. అసలు పెడల్ కొన్నవాడికి మాత్రం, రేపు లోపల ఒక కండెన్సర్ పోతే ఆ ముద్దే అడ్డం. కొందరు చిప్పు మీద నంబరు గీకేసి అమ్ముతారు, అదీ ఇదే బాపతు. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అందులో ఉన్నాయి. సంగీత పరికరాల ఊసు ఆ జాబితాలో లేదు.

కొత్త పెడళ్లలో పార్టులు చీమ తలకాయంత ఉంటాయి, ఇంట్లో ఎలా చేస్తామని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కానీ వాటిలో కూడా జాకులు, స్విచ్చులు, నాబులు, అడాప్టర్ సాకెట్ పెద్దవే, రోజూ దెబ్బ తినేవీ అవే. బోర్డు లోపలికి పోవాల్సి వస్తే అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ బోర్డులు బాగుచేసే కుర్రాళ్లున్నారు. హాట్ ఎయిర్ పట్టుకుని ఆవగింజంత పార్టును ఊదినట్టు మార్చేస్తారు. పెడల్ అంటే ఏమిటో వాళ్లకు తెలియకపోవచ్చు, ఏ పార్టు పోయిందో మనం వేలు పెట్టి చూపిస్తే చాలు. ఆ వేలు పెట్టి చూపించడమే మనం నేర్చుకోవాల్సింది.

సామానుకు పెద్ద ఖర్చు లేదు. 25 వాట్ల ఐరన్, 60-40 టంకం తీగ, కాస్త ఫ్లక్స్, టంకం పీల్చే పంపు, ఒక మామూలు మల్టీమీటర్. అన్నీ కలిపినా ఒక చవక పెడల్ ధర కాదు. టంకంలో సీసం ఉంటుంది కాబట్టి కిటికీ తీసి పెట్టుకోండి, పని అయ్యాక చేతులు కడుక్కోండి. కరెంటు ప్లగ్‌కు నేరుగా తగిలించే పవర్ సప్లైలు, వాల్వ్ ఆంప్లిఫయర్లు మాత్రం విప్పకండి. వాల్వ్ ఆంప్‌లో ప్లగ్ పీకేసిన తర్వాత కూడా కండెన్సర్లలో కొన్ని వందల వోల్టులు కాచుక్కూర్చుంటాయి. 18 వోల్టులు పెడితే హెడ్‌రూమ్ (సిగ్నల్ చిరగకుండా పెరిగే చోటు) పెరుగుతుందనే మాట విని ఏ పెడల్‌కు పడితే ఆ పెడల్‌కు పెట్టకండి. కొన్నింటి లోపల వోల్టేజీని పెంచే మ్యాక్స్1044 లాంటి చిన్న చిప్పు ఉంటుంది, అది 10 వోల్టుల పైచిలుకుకే పోతుంది.

ఇంత చెప్పినా మాడ్ చేయమనేవాళ్లు ఆగరు, నేనూ ముఖం మీద తలుపు వేయను. నా షరతు ఒకటే, మార్చినదాన్ని ఒక చిన్న స్విచ్ మీద పెడతాను. ఒక వైపు తోస్తే కంపెనీ కండెన్సర్, ఇంకో వైపు తోస్తే మనం వేసింది. తర్వాత పెడల్ యజమానిని వాయించమని, బ్యాండ్‌లో ఇంకొకరిని వెనక్కి తిరిగి కూర్చోమని, శబ్దం రెండు వైపులా సమానం చేసి, స్విచ్ నేను తోస్తాను. ఏది బాగుందో ఆ వెనక్కి తిరిగినవాడు చెప్పాలి. మొత్తం బ్యాండ్ వాయిస్తుండగా చేస్తే ఇంకా మంచిది. ట్యూబ్ స్క్రీమర్‌లో ఎక్కువమంది చివరికి 0.1 దగ్గర ఆగారు, 0.22 అడిగినవాళ్లు కూడా. ఇద్దరు ముగ్గురు కంపెనీదే ఉంచెయ్యమన్నారు. డీఎస్-1లో ఎల్ఈడీలు మాత్రం ఎవరూ వద్దనలేదు.

ఇంకో చిన్న పని మర్చిపోకండి. తీసేసిన పార్టులను పారేయకుండా చిన్న ప్లాస్టిక్ కవర్‌లో వేసి, ఏ చోటి నుంచి ఏది తీశారో కాగితం మీద రాసి, మూత లోపలే టేపుతో అంటించండి. బోర్డుకు తగలకుండా ఆ ప్లాస్టిక్ షీటు వెనక పెట్టండి. పెడల్ అమ్మే రోజున కొనేవాడు అడిగే మొదటి మాట "ఒరిజినలేనా?" అని.